మునిగిన మామిడితోటలో చెక్కచేప

కోటిలింగంగారికి గట్టు మీద అడిగిన ప్రశ్నకి గట్టు మీద జవాబు చెప్పే అలవాటు లేదు. ఏ శిష్యుడు ఏం అడిగినా, "రేపు తెప్ప ఎక్కు, చూద్దాం" అనేవారు. ఇంట్లో అన్ని ప్రశ్నలకీ ఆయన భార్య సౌభాగ్యమ్మగారే జవాబు చెప్పేస్తుంది కనుక ఆయనకి గట్టు మీద నోరు తెరిచే అవసరం పడలేదని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టేవాళ్ళూ అదే అంటారు, కాకపోతే ఆవిడ వినకుండా.

ఆయన నేర్పే విద్య చెక్కచేపలు చెయ్యడం, వాటితో వేటాడడం. తాతముత్తాతలు బొమ్మలు చేసి బతికినవాళ్ళు. ఈయన మాత్రం ఏనుగు అంబారీలూ దశావతారాలూ తమ్ముళ్ళకి వదిలేసి, రాళ్ళచెలమ జలాశయం ఒడ్డున ఇల్లు కట్టుకుని చేపల మీద పడ్డారు. చెక్కచేప అంటే అలమారులో పెట్టుకునే బొమ్మ కాదు, ఎర. తేలికైన తెల్ల పొణికి కర్రని బెత్తెడు పొడవున చేపలా చెక్కి, పొట్ట కింద మూడేసి ముళ్ళ గాలాలు రెండు వేలాడదీసి, మూతి కింద ఏటవాలుగా ఒక చిన్న రేకు బిగిస్తారు. ముక్కుకి తంగూసు దారం కట్టి నీళ్ళలోకి విసిరి రీలు తిప్పారనుకోండి, ఆ రేకు నీటిని తోసుకుంటూ చేపని కిందికి దించుతుంది, దించుతూ తోక అటూ ఇటూ ఊపిస్తుంది. తిప్పడం ఆపితే, పొణికి కర్ర కదా, మెల్లగా పైకి తేలుతుంది. రేకు పొట్టిదైతే నడుము లోతున ఈదుతుంది, పొడుగుదైతే రెండు నిలువుల లోతుకి పోతుంది. ఆదివారాలు పట్నం నుంచి బైకుల మీద వచ్చే కుర్రాళ్ళు దీన్ని క్రాంక్‌బైట్ అంటారు. గురువుగారు వాళ్ళ ఎదుట తలూపి, వాళ్ళు వెళ్ళాక చెక్కచేప అనే అంటారు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. శిష్యుడు ఎంత పనివాడైనా సరే, తాను చేసిన చేప మీద తన ముద్ర వేసుకోవడానికి వీల్లేదు. ముందు నీళ్ళలో ఉన్న అసలు చేప ఏదైనా దాన్ని కొరకాలి. ఆ పంటి గాటు గురువుగారి కళ్ళకి కనబడాలి. అప్పుడు ఇనప ముద్రని నిప్పుల్లో కాల్చి చెక్కచేప పొట్ట మీద ఒత్తుతారు. ఆ రోజు నుంచీ అతను సొంతంగా పీట వేసుకుని చేపలు అమ్ముకోవచ్చు. అంతవరకూ ఎన్ని చెక్కినా అవి గురువుగారి చేపలే. అంటే పరీక్ష పేపరు దిద్దేది కొరమీనో వాలుగో అన్నమాట. వాటిని కాకా పట్టడం కుదరదు.

ఇక మన మార్కండేయులు సంగతి. ముప్ఫై రెండేళ్ళవాడు, నెమ్మదస్తుడు, మూడేళ్ళుగా ఆ ఇంటి వసారాలో పీట వేసుకుని చెక్కుతున్నాడు. పనితనంలో అతనికి సాటి లేడు. చింతగింజల జిగురుతో పగుళ్ళు పూడ్చి, సున్నపు పూత వేసి, ఉడత వెంట్రుకల కుంచెతో ఒక్కొక్క పొలుసూ దిద్దేవాడు. కళ్ళకి గాజు పూసలు. పెరట్లో ఉన్న సిమెంటు తొట్టిలో వదిలి, అది ఒక పక్కకి ఒరుగుతుంటే ముక్కు దగ్గరి తీగని ఆవగింజంత వంచి, మళ్ళీ వదిలి, గీత గీసినట్టు తిన్నగా ఈదేదాకా నిద్రపోయేవాడు కాదు. సాయంత్రం కాగానే గురువుగారి ఎదుట నిలబడి, "నా పొలుసు కుదిరిందాండీ? నా చేప ఊపు ఎలా ఉంది? నా రంగు గంగిరెడ్డి రంగుకన్నా నయం కాదూ?" అని అడిగేవాడు. గంగిరెడ్డి అనేవాడు ఇతనికన్నా వెనక చేరాడు. వాడు చెక్కింది చేపో వంకాయో పోల్చుకోవడం కష్టం. అయినా ఏడో నెలలోనే ఒక కొరమీను వాడి వంకాయని కసిదీరా కొరికింది. వాడు ముద్ర వేయించుకుని వెళ్ళిపోయాడు. మార్కండేయులు చేపలు మాత్రం పద్నాలుగూ పెళ్ళికూతుళ్ళలా మెరుస్తూ పెట్టెలోనే ఉన్నాయి. ఒక్కదాని మీదా గాటు లేదు.

ఈ జూన్ ఆఖరుకి వ్యవహారం ముదిరింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని సోమవారం నుంచి రెండు నెలలు జలాశయంలో వేట బందు. అటు ఖమ్మంలో బావమరిది ఫణీంద్ర టైల్స్ షాపులో మనిషి కావాలంటున్నాడు. మార్కండేయులు భార్య నీలవేణి ఫోనులో గొడవేం పెట్టలేదు, అదే అతనికి ఎక్కువ భయం వేసింది. "ఆదివారం దాకా చూడు. ముద్ర పడితే అక్కడే ఉండు, నేనే వచ్చేస్తాను. పడకపోతే సోమవారం పొద్దున బస్సెక్కు. మూడేళ్ళు ఆగానుగా, ఇంకా ఆగమని మాత్రం అడగకు" అంది. అడగడానికి అతనికీ మొహం చెల్లలేదు.

అందుకే శనివారం సాయంత్రం గురువుగారు కాళ్ళు కడుక్కుంటుంటే వెళ్ళి, "గురువుగారూ, నాలో ఏం తక్కువండీ?" అని అడిగేశాడు.

కోటిలింగంగారు రెండో కాలు కూడా కడుక్కున్నారు. తుండుగుడ్డతో తుడుచుకున్నారు. "రేపు తెప్ప ఎక్కు, చూద్దాం" అన్నారు.

వంటింట్లోంచి సౌభాగ్యమ్మగారు, "ఏం తక్కువేంటయ్యా, నీకు తిండి తక్కువ. పీట మీద కూర్చుంటే అన్నం సంగతే గుర్తుండదు" అంది. గట్టు మీది జవాబు అలా అందింది.

మర్నాడు తెల్లవారాక తెప్ప కదిలింది. తెడ్డు గురువుగారిది, గాలపు కర్ర శిష్యుడిది. తొలకరి వానకి వాగులు దిగి నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. ఒడ్డుకి దూరంగా ఒకచోట నీటి మీద ఎండిన కొమ్మలు నాలుగైదు పైకి పొడుచుకుని ఉన్నాయి. జలాశయం కట్టినప్పుడు మునిగిపోయిన మామిడితోట అది. చెట్లు చాలావరకు కొట్టుకుపోయినా మోళ్ళు ఇంకా అడుగున ఉన్నాయి. వాలుగలు ఆ మోళ్ళ నీడనే కాపురం ఉంటాయని ఊళ్ళో అందరికీ తెలుసు. గురువుగారు అక్కడికి నలభై గజాల దూరంలో తెడ్డు ఆపి, ఒళ్ళో మరమరాల పొట్లం విప్పుకున్నారు.

"ఊఁ. ఏ చేప కడతావు?"

మార్కండేయులు పాఠం అప్పజెప్పడానికి సిద్ధంగానే ఉన్నాడు. "నీళ్ళు మడ్డిగా ఉన్నాయండి. వెండి రంగు కనబడదు. పసుపు ఒళ్ళు, నల్ల చారలు ఉన్నది కట్టాలి. పొట్టలో గులకరాళ్ళు వేసినదైతే చప్పుడు విని కూడా వస్తాయి."

"బావుంది. ఎంత లోతుకి పోయేది?"

"మోళ్ళ తలలు నిలువున్నర లోతులో ఉన్నాయండి. కనక నిలువు లోతున పోయేది కడతాను. మోళ్ళకి రెండు మూరలు పైనుంచి శుభ్రంగా పోతుంది. దేనికీ తగలదు."

గురువుగారు నాలుగు మరమరాలు నోట్లో వేసుకుని, "దేనికీ తగలదు" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. మెచ్చుకున్నారో వెక్కిరించారో మార్కండేయులుకి అర్థం కాలేదు. మెచ్చుకున్నారనే అనుకున్నాడు. మన మీద మనకి ప్రేమ ఎక్కువ కదా.

ఎండ ఎక్కేదాకా విసిరాడు. విసిరే తీరు చూడముచ్చటగా ఉంది. పసుపుచేప తోట మీదుగా పల్లకిలో ఊరేగే పెళ్ళికొడుకులా వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. తొందరగా తిప్పాడు, మెల్లగా తిప్పాడు, మధ్యలో ఆపి తిప్పాడు. కింద ఉన్నవాళ్ళెవరూ తలెత్తి చూసిన జాడ లేదు. రంగు మార్చి నారింజది కట్టాడు. దానికీ అదే మర్యాద జరిగింది. సూర్యుడు నడినెత్తికి వస్తుంటే అతనికి నీళ్ళలో చేపలకి బదులు టైల్స్ కనబడటం మొదలైంది. నాలుగు పలకలు, పక్కన నాలుగు పలకలు, మధ్యలో తెల్ల సిమెంటు.

"ఆ గుడ్డలో చుట్టినదేమిటి?" అన్నారు గురువుగారు ఉన్నట్టుండి.

పెట్టె అడుగున ఒక మూల, నీలవేణి పాత పట్టు జాకెట్టు ముక్కలో చుట్టిన చేప ఒకటి ఉంది. మార్కండేయులు చెయ్యి గబుక్కున దాని మీదికి వెళ్ళింది. "అదాండీ... అది వేరే. నలభై ఒక్క రోజులు పట్టింది. తొట్టిలో తప్ప ఇంకా తడపలేదు. పెద్ద చేప కోసం ఉంచానండి."

"పెద్ద చేపకి ఆ సంగతి చెప్పావా?"

మార్కండేయులు గుడ్డ విప్పాడు. ఎండ పడగానే ఆ చేప ఒంటి మీద పొలుసులన్నీ ఒక్కసారి కళ్ళు తెరిచినట్టయింది. ముదురు పసుపు, వీపు మీద నల్లని చారలు, మొప్పల దగ్గర కొంచెం ఎరుపు. మూతి కింద రేకు మాత్రం బొటనవేలంత పొడుగు.

"ఇది రెండు నిలువులు దిగుతుంది కదురా?"

"దిగుతుందండీ. అందుకేనండీ, ఇక్కడ వేస్తే మోళ్ళలోకే పోతుంది. రంగు పెచ్చులూడుతుంది. ఇరుక్కుంటే ఇంక రాదు."

"కట్టు."

"గురువుగారూ..."

"నేను కట్టనా?"

గురువుగారి ముడి మీద ఊళ్ళో ఎవరికీ నమ్మకం లేదు. మార్కండేయులు తనే కట్టాడు, ఒకటికి రెండుసార్లు లాగి చూసుకున్నాడు. విసిరాడు. చేప పడింది, రీలు తిరిగింది, రేకు నీళ్ళని పట్టింది. గాలపు కర్ర కొస వంగి గజగజలాడింది. కిందికి, ఇంకా కిందికి పోతోంది. మొదటిసారిగా ఆ తోటలోకి అతను చేసిన చేప ఒకటి దిగుతోంది.

టక్.

మోడు. ఆ తాకుడు నీళ్ళలోంచి తంగూసు వెంట పాకి, కర్రలోంచి అతని మోచేతి దాకా వచ్చింది. మార్కండేయులు తన పంటికే దెబ్బ తగిలినట్టు "అమ్మా" అన్నాడు.

"ఎందుకు ఆపావు? తిప్పు" అన్నారు గురువుగారు.

తిప్పాడు. మళ్ళీ టక్. ఒక పక్కకి తూలి, తేరుకుని, మళ్ళీ టక్. తొట్టిలో తిన్నగా ఈదడం నేర్పిన చేప, సంతలో తప్పిపోయినదానిలా కనబడినదాన్నల్లా గుద్దుకుంటూ వస్తోంది. నాలుగోసారి టక్ అనలేదు. కర్ర బిగుసుకుపోయింది. రెండు మోళ్ళ సందున ఇరుక్కుంది.

అతను లాగాడు. రాలేదు. లేచి నిలబడి లాగాడు. తెప్ప ఒరిగి మరమరాలు సగం నీళ్ళపాలయ్యాయి.

"కూర్చో. లాగకు."

"పోతుందండీ! నలభై ఒక్క రోజులండీ!"

"లాగితే మునిగేలా దాన్ని చేసింది ఎవరు?"

"నేనేనండీ."

"మరి లాగుతున్నావేం?"

మార్కండేయులు చేతిలో కర్ర ఇంకా విల్లులా వంగే ఉంది. వదలమంటే మనసు ఒప్పుకోలేదు. ఆ బిగువు ఒక్కటే ఇప్పుడు తనకీ ఆ చేపకీ మధ్య ఉన్న చుట్టరికం. అయినా చేతుల్లో సత్తువ కూడా అయిపోవచ్చింది. కర్ర కొసని మెల్లగా నీళ్ళవైపు దించాడు. తంగూసు వదులై, నీటి మీద దారప్పోగులా వంకరగా పడుకుంది. ఏమీ జరగలేదు. గురువుగారు కూడా నమలడం ఆపారు.

అప్పుడు ఆ తంగూసు, ఎవరూ లాగకుండానే, కొంచెం కదిలింది. రేకు మీద నీటి బరువు పోయింది కదా, చేప సందులోంచి వెనక్కి జారి, తోకవైపు నుంచి పైకి లేస్తోందని అతనికి తెలిసింది. చూడకుండానే తెలిసింది. ఒక జానెడు లేచి ఉంటుంది. రెండు జానలు. మార్కండేయులు ఊపిరి కూడా లేస్తోంది.

తంగూసు ఉన్నట్టుండి పక్కకి పరుగెత్తింది.

తరవాత జరిగింది చెప్పడానికి పట్టినంతసేపు కూడా పట్టలేదు. రీలు కీచుమంది, కర్ర నీళ్ళని ముద్దు పెట్టుకుంది, తెప్ప తనంతట తాను అరచుట్టు తిరిగింది. నీటి అడుగున పొడుగాటి తెల్లని పొట్ట ఒకటి బల్లెంలా మెరిసి మాయమైంది. "వాలుగ!" అని అరిచింది మార్కండేయులో గురువుగారో తరవాత ఇద్దరూ ఒప్పుకోలేదు. అది మోళ్ళలోకి దూరింది. తంగూసు ఏదో మానుకి ఒరుసుకుని పిటుక్కున తెగింది.

గురువుగారు నీళ్ళకేసి చూస్తూ, "ఎదురుముళ్ళు అరగదీసిన గాలమే కదా కట్టావు?" అన్నారు.

"అవునండీ."

"అయితే విదిలించుకుంటుంది. దానికేం కాదు."

విదిలించుకుంటే చెక్కచేప తేలాలి. గంటసేపు ఆ తోట చుట్టూ తెప్ప తిప్పారు. ఒక కొబ్బరిడొక్కా, ఒక చెప్పూ తేలుతూ కనిపించాయి కానీ, పసుపుచేప కనబడలేదు. ఏ మోడు కింద చిక్కుకుందో, ఏ నోట్లో ఉందో.

తిరుగు దారిలో మార్కండేయులు ఏడుస్తాడేమోనని గురువుగారు రెండుసార్లు ఓరగా చూశారు. అతను ఏడవలేదు. ఖాళీ చేతిని ముందుకి చాచి, మణికట్టు దించుతున్నాడు, ఆపుతున్నాడు, మళ్ళీ దించుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఒడ్డున బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు చూసి, ఎండదెబ్బ అనుకున్నారు.

ఇంటి ముందు సౌభాగ్యమ్మగారు కుంపటి రాజేసి కూర్చుని ఉంది. ఎవరూ చెప్పలేదు, ఆఖరి రోజు కదా అని ఆవిడే రాజేసింది. ఇనప ముద్ర నిప్పుల్లో ఎర్రబడుతోంది. "గాటు పడిందా?" అంది తెప్ప దిగీ దిగకుండానే.

"పడే ఉంటుందమ్మా" అన్నాడు మార్కండేయులు. "చూపించడానికి చేప లేదు. తంగూసు తెగింది. వాలుగ తీసుకుపోయింది."

ఆవిడ మొగుడికేసి తిరిగింది. "ఏవండీ, తీసుకుపోయిందంటే కొరికినట్టు కాదూ? చేత్తో పట్టుకుపోయిందా?"

"నేను చూసింది తంగూసు" అన్నారు కోటిలింగంగారు. "గాటు చూడలేదు."

"మీరు మొట్టమొదట ముద్ర వేసుకున్న చేప నేనూ చూశానులెండి. ఆ గాటు చేపదో ఇంట్లో పిల్లిదో..."

"సౌభాగ్యం."

ఆవిడ కుంపట్లో ఇంకో రెండు బొగ్గులు వేసి లేచింది. కట్టుబాటు కట్టుబాటే. మార్కండేయులు కూడా తగువు పడలేదు. వసారాలోకి వెళ్ళి కుంచెలు కడిగాడు, ఉలులు గుడ్డలో చుట్టాడు, పద్నాలుగులో మిగిలిన పదమూడు చేపలతో పెట్టె మూత వేశాడు. నీలవేణికి ఫోను చేసి, "పడలేదు. పొద్దున బస్సెక్కుతాను" అన్నాడు. అటు నుంచి ఆమె, "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగింది.

సాయంత్రానికి సంచి భుజాన వేసుకుని వచ్చి, గురువుగారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. సౌభాగ్యమ్మగారి కాళ్ళకీ పెట్టాడు. ఆవిడ కుంపట్లో నీళ్ళు చల్లడానికి చెంబు తెచ్చుకుంది. అతను గేటు దాకా వెళ్ళాడు. గేటు మీద చెయ్యి వేసి, తీయకుండా అలాగే నిలబడిపోయాడు. తరవాత వెనక్కి తిరిగాడు. మొహంలో బెంగ లేదు సరికదా, తాళం వేసిన గది కిటికీలోంచి తొంగి చూసేవాడి మొహంలా ఉంది.

"గురువుగారూ, ఆ వాలుగ దాన్ని ఎప్పుడు చూసిందంటారు? మోడుకి తగిలి తూలినప్పుడా, సందులోంచి విడిపించుకుని లేచినప్పుడా? పొద్దున్నుంచీ అది అక్కడే ఉంది కదండీ. దాని నెత్తి మీదుగా అన్ని చేపలు ఊరేగుతూ పోతుంటే, ఏమనుకుని ఊరుకుందంటారు?"

సౌభాగ్యమ్మగారు చెంబు వంచబోయింది. కోటిలింగంగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"నిప్పులు ఆర్పకు, సౌభాగ్యం. పెట్టెలోంచి ఏదో ఒకదాన్ని తీయమను వాణ్ణి. మూడేళ్ళలో వీడు నీళ్ళలోని చేప సంగతి అడగడం ఇదే మొదటిసారి."